కుప్పం చేరిన బండి

నా చిన్నప్పుడు పుంగనూరికి రైలు లేదు. ఇప్పటికీ లేదు. అయినా నేనూ మా తమ్ముడూ పుంగనూరు నుంచి కుప్పానికి రోజుకు నాలుగైదు సార్లు రైల్లో పోయి వచ్చేవాళ్లం. పుంగనూరు స్టేషన్ మా వంటింటి వెనక వాకిలి దగ్గర ఉండేది. కుప్పం స్టేషన్ పెరటి చివర, బావి పక్కనున్న మునగచెట్టు కింద ఉండేది. రెండిటికీ మధ్య అరవై అడుగుల దూరం. ఆ లైను వేసింది మా తాత.

మా తాత పాకాల–ధర్మవరం చిన్న లైన్లో, వాయల్పాడు దాటాక వచ్చే ఒక బుల్లి స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బండి ఏ పట్టాల మీదికి పోవాలో సరిచేసి, జెండా చూపించి, డ్రైవరు చేతికి టోకెన్ అందించడం ఆయన పని. టోకెన్ సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. ఆ రోజుల్లో అక్కడ ఉన్నది ఒంటి లైను. వచ్చే బండీ పోయే బండీ ఒకే పట్టాల మీద నడవాలి. ఎదురెదురుగా వస్తే ఇంకేముంది. అందుకని రెండు స్టేషన్ల మధ్య నడిచే బండికి ఒక టోకెన్ ఇచ్చేవాళ్లు. పెద్ద రింగుకు తోలుసంచి, ఆ సంచిలో టోకెన్. అది చేతిలో ఉన్న డ్రైవరే బండి కదిలించాలి. అవతలి స్టేషన్ చేరగానే దాన్ని అక్కడ అప్పగించేయాలి. అప్పగిస్తేనే ఆ బండి చేరినట్టు లెక్క, ఇంకో బండికి దారి, అంటే లైన్ క్లియర్, ఇచ్చినట్టు లెక్క. మా తాతకు ఇది రూలు కాదు, వేదం. ఇంట్లో అన్నం వడ్డించడానికి కూడా లైన్ క్లియర్ అడిగేవాడు.

మా తమ్ముడు నాకంటే మూడేళ్లు చిన్న. ఈ కథ జరిగినప్పుడు వాడికి ఆరు, నాకు తొమ్మిది. వాడికి పుట్టుకతోనే గుండె సరిగా లేదు. నాలుగడుగులు పరిగెత్తితే పెదవులు నేరేడుపళ్లు తిన్నట్టు నల్లబడేవి. అందుకని బడి లేదు, వీధిలో ఆటలు లేవు. మా అమ్మ పుట్టిల్లు కుప్పం. ప్రతి ఎండాకాలం పలమనేరు మీదుగా బస్సు మారి అక్కడికి పోయేవాళ్లం. అవ్వ వాళ్లింటి మిద్దె మీద నిలబడితే బెంగుళూరు రైళ్లు కనిపించేవి. వాడు పుట్టిన తర్వాత అంత దూరం ప్రయాణం వాడి ఒంటికి పడదని అమ్మ పుట్టింటికి పోవడమే మానేసింది. రైలు గురించి వాడికి తెలిసిందంతా తాత చెప్పిందే. ఆయన చెప్పేవాడు, వాడు కళ్లప్పగించి వినేవాడు, కుప్పం అవ్వ ఇంటికి రైల్లో పోతానని రోజుకొకసారి చెప్పేవాడు.

ఒకసారి నాయనా తాతా వాడిని మదనపల్లెలో పెద్ద డాక్టరుకు చూపించి వచ్చారు. మరునాడు పొద్దున్నే తాత కమ్మరి ఆచారి దగ్గరికి పోయాడు. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.

అప్పుడప్పుడే రబ్బరు టైర్ల ఎద్దుల బండ్లు వచ్చి, పాత కొయ్యచక్రాల బండ్లు మూలపడుతున్నాయి. ఆ చక్రాల చుట్టూ తొడిగే ఇనుప కమ్ములను తాత ఊరంతా తిరిగి అడిగి తెచ్చాడు. నాలుగు బండ్ల కమ్ములు దొరికాయి. ఆచారి వాటిని తెగ్గొట్టి, కొలిమిలో కాల్చి, సాగదీసి తిన్నగా చేస్తే ఒక్కొక్కటీ పదిహేను అడుగుల పట్టా అయింది. తుమ్మకొయ్యలకు రంపంతో గాట్లు పెట్టి, ఆ గాట్లలో కమ్మిని నిలువుగా దిగ్గొట్టాడు తాత. చక్రాలకేమో బావి గిలకలు. పాత ఇనుప గిలకలకు మధ్యలో పల్లం ఉంటుంది కదా, ఆ పల్లం కమ్మి అంచు మీద సరిగ్గా కూర్చునేది. వాటి మీద పాత మంచం పలకలు బిగించి, వాడు ఆనుకోవడానికి వీపు పలక పెట్టి, ఆపుకోవడానికి కొయ్య బ్రేకు పెట్టాడు.

అన్నిటికంటే ఆయన ఎక్కువ కష్టపడింది వాటం కోసం. పళ్లెంలో నీళ్లు పోసి కొయ్యల మీద పెట్టి, నీళ్లు ఎటు ఒరుగుతున్నాయో చూసి మట్టి ఎత్తేవాడు, తీసేవాడు. మూడుసార్లు పరిచిన లైను పీకి మళ్లీ పరిచాడు. "బండి తనంతట తాను పోవాల, అట్లని పరిగెత్తకూడదు," అనేవాడు. పుంగనూరు నుంచి కుప్పానికి బండి నడిచే మనిషి వేగంతో, ఎవరూ తోయకుండా పోయేది. పట్టాకూ పట్టాకూ మధ్య, ఎండకు ఇనుము సాగుతుందని, గోరంత సందు వదిలాడు. గిలకలు ఆ సందులు దాటినప్పుడల్లా టక్కుటక్కుమనేవి. ఆ చప్పుడు అసలు రైలు చప్పుడేనని తాత తీర్పు చెప్పిన రోజు మా తమ్ముడు అన్నం తినలేదు. సంతోషంతో కడుపు నిండిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

టోకెన్ కూడా తయారైంది. ఇనుప రింగుకు ఎర్రగుడ్డ చుట్టి, చిన్న తోలుసంచి కుట్టి, అందులో ఒక ఇత్తడి బిళ్ల వేశాడు. పుంగనూరులో తాత స్టేషన్ మాస్టరు, కుప్పంలో నేను, డ్రైవరు వాడు. రింగు మెడలో వేసుకుని ఒంటరిగా బండి దించుకుంటూ పోయేవాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వాడు చేసిన ప్రయాణం అదొక్కటే. కుప్పం చేరగానే రింగు తీసి రెండు చేతులతో నాకు అప్పగించేవాడు. నేను దాన్ని మళ్లీ వాడి చేతికిచ్చి, బండిని వెనక నుంచి తోసుకుంటూ ఎగువకు పుంగనూరు తీసుకుపోవాలి. పేరుకు స్టేషన్ మాస్టరును, పని గాడిద చాకిరి. మొదటి వారం ఎగిరెగిరి చేశాను. నెల తిరిగేసరికి విసుగొచ్చింది. వాడు బండి దిగడు, నన్ను ఎక్కనివ్వడు. ఎక్కినా నన్ను తోసేవాళ్లెవరు?

ఆషాఢంలో ఒక సాయంత్రం. మా వైపు ఆ నెలలో వాన రాదు, తుంపర వస్తుంది. గాలికి ఎగిరే పిండిలాంటి తుంపర. బడి నుంచి రాగానే వాడికి రెండు ట్రిప్పులు తోశాను. పక్కింటి అక్క వాళ్ల పంచలో ఆడపిల్లలందరూ అచ్చనగాయలు ఆడుకుంటున్నారు, నా కోసం కేకేస్తున్నారు. మూడోసారి వాడు కుప్పం వచ్చి, రింగు నా చేతిలో పెట్టి, "లైన్ క్లియర్ ఇయ్యక్కా," అన్నాడు. నేను ఇవ్వలేదు. బావి గట్టు మీదికి వంగి, లోపలి వరసలో పొడుచుకొచ్చిన ఒక రాయికి ఆ రింగు తగిలించి, ఆటకు పోయాను. వాడు చూశాడు. అయినా బావి దగ్గరికి వాడు పోకూడదు, అది అమ్మ రూలు. టోకెన్ లేకుండా బండి కదలకూడదు, అది తాత రూలు. వాడు రెండు రూళ్ల మధ్యా బండి మీద కూర్చుండిపోయాడు.

ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలియదు. నేను వచ్చేసరికి అమ్మ సంత నుంచి వచ్చి వాడిని ఎత్తుకుని లోపలికి తెచ్చేసింది. వాడి తల తుడుస్తూ ఉంది. నన్నెవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. అన్నం తినేటప్పుడు వాడు నా పక్కకు జరిగి, "రేపు ఇస్తావా అక్కా?" అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. "సూస్తాలే," అన్నాను. స్టేషన్ మాస్టరును కదా, కాస్త బిగువు చూపించాను.

తెల్లవారేసరికి వాడికి ఒళ్లు కాలిపోతోంది, ఊపిరి ఆడడం లేదు. నాయన జట్కా పిలిపించాడు, మదనపల్లె బస్సు అందుకోవాలని. దుప్పటి చుట్టి వాడిని ఎత్తుకుపోతుంటే నేను పక్కనే నడుస్తున్నాను. వాడు కళ్లు తెరిచి నన్ను చూసి, "బండి కుప్పంలోనే నిలబడిండాది అక్కా," అన్నాడు. అంతే, నాకు ఏమైందో, వెనక్కి తిరిగి పెరట్లోకి పరిగెత్తాను. ఆ టోకెన్ వాడి చేతిలో పెట్టి పంపాలి. బావి గట్టు మీద బోర్లా పడుకుని చెయ్యి చాపాను. వేళ్లకు ఎర్రగుడ్డ తగిలింది. రాత్రంతా తుంపరకు రాయి తడిసి ఉంది. రింగు జారి నీళ్లలో పడింది. ఉత్త చేతులతో నేను వీధిలోకి వచ్చేసరికి జట్కా సందు మలుపు తిరిగిపోయింది.

మూడో రోజున వాడిని తెచ్చారట. నేను చూడలేదు. అంతకు ముందే పక్కింటి అక్క వచ్చి నన్ను వాళ్లింటికి పిలుచుకుపోయి, నా తల దువ్వి రెండు జడలు వేసి, తమ్ముడు మదనపల్లె ఆసుపత్రిలో ఉండాడు, నయమై వస్తాడు అని చెప్పింది. మంచి మనసుతోనే చెప్పింది పాపం. తర్వాత ఆ మాటను సరిదిద్దడం ఎవరికీ చేత కాలేదు. తొమ్మిదేళ్ల పిల్లకు తెలియదా అంటే తెలుసు. అమ్మ గొంతు విన్నాను, ఇంట్లో వాడి బట్టలు లేకపోవడం చూశాను. తెలుసు, కానీ నా లెక్క నాకు వేరే ఉండింది. వాడు మదనపల్లె నుంచి రాలేకపోవడానికి కారణం జ్వరం కాదు. టోకెన్ నా దగ్గర ఉండిపోయింది. టోకెన్ లేకుండా బండి లైన్లోకి రాకూడదు. మా తమ్ముడు రూలు తప్పేవాడు కాదు. అందుకని దారిలో ఎక్కడో, బండి మీద కూర్చున్నట్టే కూర్చుని, ఎదురు చూస్తున్నాడు.

ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తుంది. ఆ నమ్మకంతో నేను నాలుగు నెలలు బతికాను. బడిలో పలక మీద లెక్కలు వేస్తూ కూడా బావి లోతు ఎంతో ఆలోచించేదాన్ని. ఎవరికి చెప్పాలి? చెబితే, వాడిని రానివ్వకుండా చేసింది నువ్వేనా అంటారు.

ఆ నాలుగు నెలలూ అమ్మ వెనక వాకిలి తలుపు తెరవలేదు. ఇంటి బావి ఇంట్లో ఉండగా, పక్కింటి బావి నుంచి నీళ్లు మోసుకొచ్చేది. వాకిలి తెరిస్తే ఎదురుగా పట్టాలు కనిపిస్తాయి, చివర మునగచెట్టు కింద బండి కనిపిస్తుంది. వాడు ఆపినచోటే అది ఉంది. రాలిన మునగాకు దాని మీద పరుచుకుని ఎండిపోయింది. తాత రోజూ సందులో నుంచి పెరట్లోకి పోయి, ఒక చుట్టు తిరిగి, ఏమీ ముట్టుకోకుండా వచ్చేవాడు.

కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున నాయన ఇద్దరు మనుషులను గడ్డపారలతో పిలిపించాడు. నీ కోడలు వంటింట్లో నిలబడలేకుండా ఉండాది, ఆ ఇనుమంతా పీకించేస్తాను అని తాతతో అన్నాడు. తాత తలూపాడు. నేను విన్నాను. లైనే లేకపోతే వాడు ఎట్లా వస్తాడు? సందులో నుంచి పరిగెత్తి పోయి, ఎండాకుల మీదే బండెక్కి కూర్చుని, వీపు పలకను రెండు చేతులతో వెనక్కి పట్టుకున్నాను. దిగమంటే దిగలేదు. నాయన బతిమాలాడు, కసిరాడు, చెయ్యి పట్టి లాగాడు. నేను చేయి కొరికాను కూడా. ఆయన నాకేదో దయ్యం పట్టిందన్నట్టు చూశాడు.

తాత వచ్చి, అందరినీ ఒక గంట ఆగి రమ్మని పంపేశాడు. తర్వాత పట్టాల పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన అడగకపోవడం వల్లనే నేను చెప్పగలిగాను. దాచింది, జారింది, వాడు రాలేకపోవడం, అంతా వెక్కిళ్ల మధ్య చెప్పాను. లైను పీకేస్తే వాడు ఎప్పటికీ రాలేడని చెప్పాను.

ఆయన నన్ను ఊరుకోబెట్టలేదు. తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నా మొహం కాదు, ఆయన మొహం. తర్వాత పాయింట్స్‌మన్ గొంతుతో, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"టోకెన్ పోతే రైళ్లు నిలిచిపోవమ్మా. దానికీ ఒక దారి ఉండాది. స్టేషన్ మాస్టరు కాయితం రాసిస్తాడు. నేను ఎన్ని కాయితాలు మోసినానో. రాసే అధికారం మటుకు నాకు ఎప్పుడూ లేదు. ఈ లైన్లో ఉండాది కదా, రాద్దాం రా."

నేను కదల్లేదని, ఆయనే సందులో నుంచి పోయి నా బడి పుస్తకమూ పెన్సిలూ తెచ్చాడు. నా చేతికిచ్చి రాయమన్నాడు.

"రాసేముందు ఒగటి తేల్సుకోవాల. ముందు పోయిన బండి సేరిందా లేదా. మద్దెలో యాడన్నా నిలబడి ఉంటే కాయితం రాయకూడదు."

"తమ్ముడు మద్దెలో ఉండాడా తాతా?" అన్నాను.

నాలుగు నెలలుగా నాలో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే. ఆయన అబద్ధం చెప్పి ఉంటే నాకు తెలిసిపోయేది. దేవుడి దగ్గర ఉన్నాడనో, నక్షత్రమయ్యాడనో అని ఉంటే, ఇప్పటికీ నేను ఆ బండి మీదే కూర్చుని ఉండేదాన్ని. ఆయన లేచి, పట్టాల వెంబడి పుంగనూరు దాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి వచ్చాడు. అరవై అడుగులూ కిందికి చూస్తూనే నడిచాడు.

"లైన్లో ఎవరూ లేరు. వాడు కుప్పం సేరినాడు. సేరి, టోకెన్ నీ సేతికిచ్చినాడు. టోకెన్ ఇచ్చినాడంటే బండి సేరినట్టే. ఆ తర్వాత వాడు ఈ లైన్లోకి రానే లేదు. మదనపల్లె మన లైన్లో లేదమ్మా. ఆడికి పోయినోళ్లను నీ టోకెన్ ఆపనూ లేదు, తేనూ లేదు."

ఆ మాట నాకు అర్థమైంది. ఎవరూ చెప్పలేకపోయిన సంగతి అప్పుడే, ఆ మునగచెట్టు కిందే, నాకు పూర్తిగా అర్థమైంది. మా తమ్ముడు రాడు. నా వల్ల రాకపోవడం కాదు, అసలు రాడు. నాలుగు నెలలు ఆలస్యంగా నేను వాడి కోసం ఏడ్చాను. అంతకు ముందు ఏడ్చిందంతా నా కోసం.

ఏడుపు తగ్గాక ఆయన ఇంకో మాట చెప్పాడు. ఇది మాత్రం పాయింట్స్‌మన్ గొంతుతో చెప్పలేదు.

"నువ్వు రింగు బాయిలో తగిలించేది నేను వంటింటి వాకిట్లో నిలబడి సూసినా. నీతో ఏమీ అన్లేదు. నీ అంతట నువ్వే వచ్చి ఇస్తావు, ఇయ్యడం నేర్సుకుంటావు అనుకున్నా. మొక్కై వంగనిది మానై వంగదు గదా. వాడిని దిగి రమ్మన్నా. డ్రైవరు బండి ఇడిసిపెట్టి రాకూడదు గదా తాతా అన్న్యాడు. నా మనవడు రూలు తప్పలేదని మురిసిపోయినా. గోనెసంచి తెచ్చి తల మీద కప్పి, మళ్లా వచ్చి నిలబడినా. రింగు నేను తీసివ్వచ్చు. వాడిని ఎత్తుకోని రావచ్చు. బుద్ధి నేర్పాలని నిలబడినా."

ఆయన చెప్పడం ఆపి నా వైపు చూశాడు. ముసలాయన తొమ్మిదేళ్ల పిల్లను క్షమాపణ అడుగుతున్నాడని నాకు అప్పుడు తెలియదు. ఏదో చెయ్యాలని మాత్రం తెలిసింది. పెన్సిల్ పట్టుకుని, ఏమి రాయాలి తాతా అని అడిగాను.

ఆయన చెప్పాడు, నేను రాశాను. ముందు పోయిన బండి చేరింది. ఆ మాట దగ్గర నేను ఆగి, ఎక్కడికి చేరిందని రాయాలి అని అడిగాను. "మనం సూసింది మటుకే రాయాల. కుప్పం అని రాయి," అన్నాడు. రాశాను. దారి ఖాళీగా ఉంది, పుంగనూరుకు బండి రావచ్చు. కింద ఆయన సంతకం పెట్టాడు. ఆ సంతకం పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

తర్వాత ఆకులన్నీ దులిపి, నన్ను కూర్చోమని, ఆయన వెనక నుంచి తోశాడు. అంత చాకిరి చేసిన నేను ఆ ఎగువ ప్రయాణం కూర్చుని చేసింది అదొక్కసారే. నాలుగు నెలల తుప్పుకు గిలకలు మొదట కీచుమన్నాయి. తర్వాత సందులు వచ్చాయి. టక్కుటక్కు, టక్కుటక్కు.

ఆ చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుందని ఇద్దరికీ తోచలేదు. వెనక వాకిలి గడియ తీసిన చప్పుడైంది. చేతులకు రాగిపిండితో మా అమ్మ గడప దాటి పరిగెత్తుకొచ్చింది. ఆ మొహం నేను చెప్పలేను. వాడు వచ్చేశాడన్న నమ్మకం ఆ మొహంలో ఉంది. అప్పుడు ఆమెకు నేను కనిపించాను. నేను వాడిని కాకపోవడమే తప్పన్నట్టు నాకు అనిపించింది. బండి దిగి ఎటైనా పారిపోదామనుకున్నాను.

ఆమె అక్కడే నిలబడిపోయింది. తాత నా చేతిలోని కాగితం తీసి ఆమెకిచ్చాడు. మా అమ్మకు చదువు అంతంత మాత్రం. పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. చేరింది అన్నచోట పిండి చేతి బొటనవేలు పెట్టి, అక్కడే ఉంచింది. "సేరినాడా మామా?" అని అడిగింది తాతను. ఆయన తలూపాడు. అప్పుడు ఆమె వచ్చి, అంత పెద్దపిల్లను నన్ను, వాడిని దించినట్టే చంకలో చెయ్యి వేసి బండి మీద నుంచి దించి, నేల మీద కూలబడి, నన్ను పట్టుకుని ఏడ్చింది. నాలుగు నెలల్లో ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది.

మనుషులు గడ్డపారలతో తిరిగి వచ్చారు గానీ తాత వాళ్లను ముట్టనివ్వలేదు. మునగచెట్టు వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో కొయ్యా, ఒక్కో పట్టా తన చేతులతోనే తీశాడు. సాయంత్రానికి పెరడు మళ్లీ పెరడైంది. మా అమ్మ ఆ రోజు మా బావిలోనే నీళ్లు చేదింది. మొక్కై వంగనిది అన్న ఆ సామెత మాత్రం తాత నోటి నుంచి ఆ తర్వాత నేను వినలేదు.

వాడి రోగానికి మందు లేదనీ, ఆ ఏడాది దాటడం కష్టమని డాక్టరు ముందే చెప్పాడనీ, నాకు పెళ్లీడు వచ్చాక నాయన చెప్పాడు. తుంపరా, టోకెనూ దానికి కారణం కావట. విన్నాను. తల ఒప్పుకుంది. తల ఒప్పుకున్నవన్నీ గుండె ఒప్పుకోవాలని రూలేమీ లేదు.

మదనపల్లెలో ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేశాను. పిల్లలను పాడు చేస్తానని నాకు మొదటి నుంచీ పేరు. పలక తేనివాడికి ఇంకో పలక ఇస్తాను, ఆలస్యంగా వచ్చినవాడిని ముందు కూర్చోమంటాను, కొట్టుకున్న ఇద్దరిలో తప్పు ఎవరిదో తేల్చకముందే ఇద్దరికీ బెల్లం ముక్క పెడతాను. బుద్ధులు చెప్పనని కాదు. చెబుతాను, తర్వాత చెబుతాను. నా భర్త పోయినప్పుడు ఊరంతా వచ్చి ఏవేవో చెప్పారు. నేను మాత్రం పెన్సిల్ లేకుండానే, చేరింది అని ఒక మాట రాసుకుని, ఎక్కడికి అని అడగకుండా ఊరుకున్నాను. మనం చూసింది మటుకే రాయాలి కదా.

ఇప్పుడు ఇంట్లో ఆరేళ్ల మనవడు ఉన్నాడు. గట్టి పిండం, గోడలెక్కుతాడు. ఏదైనా కావాలంటే కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ అడుగుతాడు. వాడు ఏడుపు మానేసి మర్యాదగా అడిగేదాకా ఇవ్వొద్దు, అప్పుడే నేర్చుకుంటాడు, కొంచెంసేపు ఆగండి అత్తమ్మా అంటుంది మా కోడలు. ఆమె చెప్పేది సబబే. పిల్లల పెంపకం గురించి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. కానీ నాకు అంతసేపు ఆగే ధైర్యం లేదు.